సున్నము చేయు పనులు

ఉప్పు, పసుపు, సున్నము - ఈ మూడును లేని తెలుగు ఇల్లు పూర్వము అరుదు. మొదటి రెండును వంటింట ప్రతిదినము కంటబడును. సున్నము మాత్రము తమలపాకునకు రాయునపుడో, పండుగకు ముందు గోడలకు వెల్ల వేయించునపుడో తప్ప జ్ఞప్తికి రాదు. కోపము వచ్చినపుడు "ఎముకలో సున్నము లేకుండ కొట్టెద"నుట మనవారికి వాడుక. ఈ నానుడిలో సగము సత్యమున్నది. ఎముకకు గట్టిదనము నిచ్చు కాల్షియమును, సున్నములోని కాల్షియమును ఒక్కటే. కాని ఎముకలో నున్నది సున్నము గాదు, కాల్షియం ఫాస్ఫేటు. ఈ లోహమును హంఫ్రీ డేవీ 1808లో విద్యుత్తు సాయమున మొదటిసారి వేరుచేసెను.

సున్నమునకు పుట్టినిల్లు సున్నపురాయి. పల్నాటి సీమలోను, కడప, కర్నూలు ప్రాంతములలోను, తాండూరు పరిసరములలోను ఈ రాయి విస్తారముగా దొరకును. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపడిన ఊరు. సముద్రతీరమున రాతికి బదులు నత్తగుల్లలను కాల్చి గుల్లసున్నము చేయుదురు. రాయి యైనను, గుల్ల యైనను పదార్థ మొక్కటే: కాల్షియం కార్బొనేటు. దీనిని బట్టీలో పేర్చి, సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో, రాతిలో ఇమిడియున్న బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. శుద్ధమైన రాయి 100 కిలోలు కాల్చినచో 44 కిలోలు వాయువుగా పోయి, 56 కిలోల కాలిన సున్నము మిగులును. రాయి ఆకారము పెద్దగా మారదు. చేతిలోకి తీసికొన్న మాత్రము తేలికదనము తెలియును. ఈ బరువు తగ్గుటను తూచి పరిశీలించి, రాతిలో ఒక గాలి బంధింపబడి యున్నదని జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించెను. ఆధునిక రసాయనశాస్త్రమునకు పునాది వేసిన పరిశోధనలలో అది యొకటి. ఆ గాలి మామూలు గాలికంటె బరువైనది, పల్లమున నిలిచిపోవును. చలికాలపు రాత్రి వెచ్చదనమునకై బట్టీ ప్రక్కన పండుకొన్నవారు తిరిగి లేవకపోవుట కిదియే ఒక కారణము.

కాలిన సున్నముపై నీరు పోయగానే అది బుసబుసలాడుచు, పగిలి, ఉబ్బి, పొడి యగును. నీటిని మరిగించునంతటి వేడి పుట్టును. నిప్పు లేదే, ఈ వేడి యెక్కడిది? సున్నమును నీరును కలిసి క్రొత్త పదార్థముగా మారునపుడు శక్తి వేడి రూపమున వెలువడును. 56 కిలోల సున్నము 18 కిలోల నీటిని పూర్తిగా తనలో చేర్చుకొని 74 కిలోల తడిసిన సున్నమగును. మనము తాంబూలములో వాడునదియు, గోడకు పూయునదియు ఈ తడిసిన సున్నమే. దానిని విస్తారమైన నీటిలో కలిపి కదలక నుంచినచో పైకి తేరునది సున్నపుతేట. గొట్టముతో అందులోనికి ఊదినచో అది పాలవలె తెల్లబడును. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి మరల సున్నపురాతి రేణువులుగా మారుటయే ఆ తెలుపు. పిల్లలకు ఈ పరీక్ష చూపదలచిన పెద్దలు తామే దగ్గర నుండి ఊదవలెను. ఆ నీరు నోటిలోనికి గాని కంటిలోనికి గాని పోరాదు.

ఇదే మార్పు మన గోడలమీద నెమ్మదిగా జరుగుచున్నది. వెల్ల వేసిన నాడు గోడ మసకగా నుండును; ఆరినకొలది తెల్లబడును. తరువాత దినములు గడచినకొలది గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆ పూత పలుచని రాతిపొర యగును. లెక్క చూడుడు: 74 కిలోల తడిసిన సున్నము 44 కిలోల వాయువును గ్రహించి, 18 కిలోల నీటిని విడిచి, తిరిగి 100 కిలోల రాయి యగును. బట్టీలో పోయినది గోడమీద తిరిగి వచ్చినది. జమకు ఖర్చుకు గ్రాము తేడా లేదు. అయితే బట్టీలో కాల్చిన బొగ్గు నుండి వచ్చిన వాయువు మాత్రము తిరిగిరాదు.

క్రొత్త సున్నమునకు క్షారగుణ మధికము గనుక బూజు దానిపై పెరుగజాలదు. పూత రాయిగా మారినకొలది ఆ గుణము నశించును. ఏటేటా పండుగకు వెల్ల వేయించు మన ఆచారములో అందము మాత్రమే గాక ఆరోగ్యము కూడ నున్నది. ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నము గోడల నడుమ ఇట్లే గట్టిపడును. 1591లో కట్టిన చార్మినారు నేటికిని నిలిచియుండుటలో ఆ సున్నమునకు పాలున్నది.

పసుపులో సున్నము కలిపిన పారాణి ఎఱ్ఱనగుట అందరెరిగినదే. పసుపులోని కుర్కుమిన్ అను రంగు పదార్థము క్షారము తగిలిన ఎఱ్ఱనగును, పులుసు తగిలిన మరల పచ్చనగును. ఎఱ్ఱనీళ్ళలో నిమ్మరసము పిండి చూడుడు. బట్టమీది పసుపు మరక సబ్బు తగులగానే ఎఱ్ఱబడుటకును ఇదియే కారణము. బెల్లము వండువారు చెరకురసములో కొంచెము సున్నము కలుపుదురు. అది రసములోని పులుపును విరిచి, మలినములను తెట్టెగా పైకి తెచ్చును. పులుపు మిగిలినచో కాగునపుడు చక్కెర విరిగి, బెల్లము అచ్చు కట్టక జిగురుగా నుండును.

తడిసిన సున్నముపై క్లోరిను వాయువును పంపిన బ్లీచింగు పౌడరు వచ్చును. చార్లెస్ టెన్నంట్ 1799లో దీనికి పేటెంటు పొందెను. ఆయన ఉద్దేశించినది బట్టల చలువ. నేడది బావులలోని రోగక్రిములను చంపి ఊళ్ళకు ఊళ్ళను కాపాడుచున్నది. కాని స్నానపుగది శుభ్రము చేయునపుడు దీనిని యాసిడ్‌తో ఎన్నడును కలుపరాదు. కలిపినచో బంధింపబడిన క్లోరిను బయటపడి ఊపిరితిత్తులను దెబ్బతీయును.

ఇక గృహిణులు ముఖ్యముగా గమనింపవలసిన విషయము. తాంబూలపు సున్నము నేడు చిన్న ప్లాస్టిక్ పొట్లములలో అమ్ముడగుచున్నది. పిల్లలు ఆటకై దానిని నొక్కగా అది చిట్లి సున్నము కంటిలోనికి చిమ్మును. ఈ ప్రమాదమును గూర్చి మన దేశపు నేత్రవైద్యులు 2003లో లాన్సెట్ పత్రికలో హెచ్చరించిరి. ఆమ్లము తగిలిన చోట కణజాలము గడ్డకట్టి, ఆమ్లము లోనికి పోకుండ కొంత అడ్డుపడును. సున్నమట్లు గాదు, అది కణముల పొరలలోని క్రొవ్వును సబ్బుగా మార్చుచు లోలోనికి దిగును. రెప్పల క్రింద చిక్కుకొన్న రేణువు కరుగుచున్నంతసేపు కన్ను కాలుచునే యుండును. శుక్లపటలము తెల్లబడి చూపు శాశ్వతముగా పోవచ్చును.

అట్టి ప్రమాదము జరిగినచో వైద్యుని కొరకు పరుగెత్తుటకు ముందే నీటికొరకు పరుగెత్తవలెను. రెప్పలు విప్పి పట్టి, శుభ్రమైన నీటిని ధారగా అరగంటసేపు పోయవలెను. నీరు తగిలిన వేడి పుట్టునను భయము వలదు. పొట్లములోని సున్నము ఇదివరకే తడిసినది. తడియని కాలిన సున్నపు పొడి పడినచో ముందు మెత్తగా దులిపి, పిదప ధారాళముగా నీరు పోయవలెను. కన్ను నలుపరాదు. నిమ్మరసము, ఆముదము, నెయ్యి, చనుబాలు ఏవియు వేయరాదు. పులుసు సున్నమును విరుచునని పైన చెప్పినది పారాణి గిన్నెకు చెల్లునే గాని కంటికి చెల్లదు. కడిగిన వెంటనే, నొప్పి తగ్గినట్లు కనబడినను, కంటి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తాంబూలమును గూర్చి ఒక్కమాట. పొగాకు లేకున్నను వక్కతో కూడిన తాంబూలము నోటి క్యాన్సరునకు కారణమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ణయించి యున్నది. శుభకార్యమున ఇచ్చి పుచ్చుకొను తాంబూలము వేరు, దినమెల్ల దవడన పెట్టుకొనునది వేరు.

సున్నపు పొట్లమును, బ్లీచింగు పౌడరు డబ్బాను పిల్లలకందని ఎత్తున ఉంచుడు. పిల్లలున్న ఇంట పొట్లమునకు బదులు మూత గట్టిగా బిగియు సున్నపుకాయను వాడుట మేలు. గోడకు వెలుగు నిచ్చు సున్నము బిడ్డ కంటి వెలుగును తీయకుండ చూచుకొనుట మన చేతిలోని పని.