గోదావరి బొమ్మలకు రెండు గదులు
(మన బడి చిత్రశాల ప్రారంభం నాడు, పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బొమ్మల గురించి మాట్లాడమన్నారు. నేను గీసిన గీతలన్నీ స్కేలు పెట్టి గీసినవే. ముప్పై ఏళ్లు ఇసుక, కంకర, సిమెంటు లెక్కలతో గడిపినవాణ్ణి. మన పాత పెంకుల బ్లాకులో రెండు గదుల్ని చిత్రశాలగా మార్చే పని సంఘంవారు నాకు అప్పజెప్పారు కాబట్టి ఆ పని గురించే చెబుతాను.

రాజమండ్రికి చిత్రశాల కొత్తేమీ కాదు. దామెర్ల రామారావుగారి పేరున్న గ్యాలరీ మనందరికీ తెలుసు. తెలుసు అంటే, దాని ముందునుంచి సైకిలు మీద వెళ్లడం తెలుసు. నేను లోపల అడుగు పెట్టేసరికి నాకు నలభై దాటాయి. ఆయన 1897లో ఈ ఊళ్లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతి చలవ కనిపెట్టి ప్రోత్సహించారు. అడివి బాపిరాజుగారూ ఆ దొర శిష్యులే. రామారావుగారు బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని మళ్లీ ఇక్కడికే వచ్చి, ఇక్కడివాళ్లకే నేర్పారు. ఆయన పోయాక వరదా వెంకటరత్నంగారి వంటి స్నేహితులు పట్టుదలగా నిలబడకపోతే మనకు ఆయన పేరు మిగిలేది గానీ బొమ్మలు మిగిలేవి కావు.

మరి అంత పేరు రానివాళ్ల మాటేమిటి? మన డ్రాయింగు మాస్టారు ఆదివారం పూట చంకలో అట్ట, చేతిలో మరచెంబుతో పుష్కరాల రేవుకు వెళ్లేవారు. మరచెంబులో నీళ్లు తాగడానికి కాదు, కుంచె కడగడానికి. గోదావరి పక్కనే ఉండగా నీళ్లు మోసుకెళ్లడమేమిటండీ అని అడిగితే, "వరదనీళ్లలో కుంచె ముంచితే ఆకాశం కూడా ఎర్రబడుతుందిరా" అన్నారు. పాత హేవలాక్ వంతెన, ఇసుక పడవలు, అవతల కొవ్వూరు గట్టు, ఇవే ఆయన బొమ్మలు. 1900లో రైళ్లు మొదలైన ఆ వంతెన మీద 1997లో ఆగిపోయాయి. మన పిల్లలకు దాని మీద రైలు ఎలా వెళ్లేదో చూపించాలంటే ఆయన బొమ్మే చూపించాలి.

తొమ్మిదో తరగతిలో నాకు అలాంటి బొమ్మ ఒకటి బహుమతిగా ఇచ్చారు. సాయంత్రం వంతెన, కింద ఒక్క పడవ. ఇంటర్లో దాన్ని లెక్కల నోట్సుకు అట్టగా వేసుకున్నాను. ఆ నోట్సు తర్వాత పాత పేపర్లవాడికి వెళ్లింది. ఉద్యోగంలో చేరాక ఒకసారి మాస్టారింటికి వెళ్తే, కాఫీ ఇచ్చి, "ఆ పడవ బొమ్మ ఉందా?" అని అడిగారు. "ఉందండీ, ఫ్రేము కట్టించాను" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ అబద్ధాన్ని సరిచేసుకునే అవకాశం ఆయన నాకివ్వలేదు. ఈ పనికి నేను వెంటనే ఒప్పుకోవడానికి కారణం అదీ.

ఇక గదుల సంగతి. మనది నది పక్క ఊరు, పైగా సున్నపు గోడలు. వానాకాలంలో పడమటి గోడ చెమ్మ పీలుస్తుంది. అందుకని బొమ్మల్ని గోడకు ఆనించలేదు; చెక్క పట్టీలు కొట్టి, వెనకాల అంగుళం ఖాళీ వదిలి, గాలి ఆడేలా తగిలించాం. కిటికీలు మూయించానని కొందరు నన్ను తిట్టారు. నీటిరంగులకు ఎండ విషం. వాటి మీద 50 లక్సుల వెలుతురు మించకూడదంటారు. అంటే తరగతి గదికి కావలసిన దానిలో ఆరో వంతు. లోపల మసకగా ఉందని దయచేసి కరెంటు పనివాణ్ణి పిలవకండి. రెండు నిమిషాలు నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. వెలిసిపోయిన రంగును ఏ ఇంజనీరూ వెనక్కి తేలేడు. అందుకే ఒక్కో బొమ్మను మూడు నెలలే గోడ మీద ఉంచి, తర్వాత చీకటి బీరువాలో విశ్రాంతి ఇస్తాం.

ఏసీ పెట్టమని కొందరు మిత్రులు డబ్బు ఇస్తామన్నారు. వద్దన్నాను. పగలు వేసి రాత్రి ఆపే ఏసీ కాగితాన్ని బిగిస్తుంది, వదులుతుంది. దానికన్నా ఫ్యాను నయం. ఆ డబ్బుతో ఆదివారాలు తలుపు తీసే మనిషికి జీతం ఇద్దాం. తాళం వేసిన చిత్రశాలకూ మన అటకకూ తేడా లేదు.

ఇప్పుడున్నవి నలభై పైచిలుకు బొమ్మలు. మాస్టారివి అందులో పదకొండే. ఆయన పంచినవి ఇంకా చాలా ఉండాలి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ట్రంకుపెట్టెలు, పాత క్యాలెండర్ల చుట్టలు ఒకసారి విప్పి చూడండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. చిరిగినా, చెదలు కొట్టినా అలాగే తీసుకురండి. లామినేషన్ మాత్రం చేయించకండి.