అమ్మకం ఎక్కడ, పన్ను ఎక్కడ?

(ఏర్గట్లలో పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పెన్షన్ మీద పన్ను పడితే, డబ్బు ఖాతాకు చేరకముందే కోత పడుతుంది. పసుపు అమ్మిన రైతుకిచ్చే తక్‌పట్టీలోనూ కోతలు పోగా మిగిలిందే చేతికొస్తుంది. పెద్ద కంపెనీల సంగతి వేరు. ఏ దేశపు కంపెనీ పేరు మీద అమ్మాలో అవి ముందే ఏర్పాటు చేసుకోగలవు. పన్ను ఎగవేయడం నేరం. చట్టం విడిచిన దారిలో తగ్గించుకోవడం నేరం కాదు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడన్నదే తగాదా.

మన హైదరాబాదు ఉదాహరణే చెబుతాను. వరప్రసాదరెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు. విదేశీ టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో 50 రూపాయలకిచ్చారు. సామాజిక బాధ్యత అన్నమాట కంపెనీల చట్టంలోకి ఎక్కకముందు జరిగిన పని అది.

తరువాత ఆ కంపెనీలో ఎక్కువ వాటా ఫ్రాన్సులోని షాన్‌హెచ్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. 2009లో సనోఫీ ఆ షాన్‌హెచ్‌ను కొన్నది. అమ్మినవారూ, కొన్నవారూ ఫ్రెంచివారే. శాంతా విలువను దాదాపు 55 కోట్ల యూరోలుగా కట్టారు. అసలు ఆస్తి ఇక్కడుంది గనుక లాభం మీద పన్ను ఇక్కడే కట్టాలనీ, షాన్‌హెచ్ పన్ను తప్పించుకునే ముసుగనీ ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 2013 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. అమ్ముడైనవి ఫ్రెంచి కంపెనీ షేర్లు, ఆ కంపెనీ బూటకం కాదు, రెండు దేశాల ఒప్పందం ప్రకారం పన్ను హక్కు ఫ్రాన్సుదే అన్నది తీర్పు. కనుక ఆ కంపెనీలను దొంగలనడం న్యాయం కాదు. నా అభ్యంతరం ఒప్పందం మీద. ఒప్పందాలు మారని శాసనాలేం కావు. మారిషస్‌తో 2016లో సవరించుకున్నాం. 2017 ఏప్రిల్ నుంచి కొన్న షేర్ల లాభం మీద పన్ను హక్కు మనకు దక్కింది.

"కంపెనీలు బడులు కట్టిస్తున్నాయి కదా" అని మనవాళ్ళే అంటుంటారు. 2014 ఏప్రిల్ నుంచి, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు. మంచి నియమమే. అయితే ఏ ఊరికి, దేనికి అన్నది కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది. పన్ను సొమ్ము ఎటు పోవాలో మనం ఎన్నుకున్న సభలు తేలుస్తాయి. సర్కారు దవాఖానాలో మందులైనా, మన కరువు భృతి అయినా వచ్చేది ఈ రెండవ దానిలోంచే. (కట్టించిన గది మీద కంపెనీ పేరు రాస్తారు, పన్ను కట్టిన పెన్షనరు పేరు ఎక్కడా రాయరు, అది వేరే సంగతి.)

లెక్కల శాఖలో పనిచేసి రిటైరైన మిత్రులు సభలో ఉన్నారు. మీ ప్రశ్నలకు వారూ నేనూ కలిసి జవాబిస్తాం.