క్యాజువాలిటీలో సిస్టరమ్మ

తొలకరి పడి పొలం పనులు మొదలయ్యాయంటే, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ నర్సులకు ఒక సంగతి ముందే తెలుసు. పాముకాట్లు వస్తాయి.

108 అంబులెన్సు ఆగగానే స్ట్రెచర్ దగ్గరికి పరుగెత్తేది సిస్టరే. నాడి, శ్వాస, బీపీ చూస్తుంది. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజుగొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతుంది. అప్పటికీ గడ్డకట్టలేదంటే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లోకి ఎక్కినట్టే. డాక్టరు చెప్పగానే విరుగుడు మందు ఎక్కిస్తుంది. ఆ మందే కొందరికి పడదు. దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అందుకే అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని మంచం పక్కనే కనిపెట్టుకుని ఉంటుంది.

ఈలోగా రోడ్డు ప్రమాదం కేసు రావచ్చు, పురుగుమందు తాగిన మనిషి రావచ్చు. ముందు ఎవరు వచ్చారన్నది కాదు, ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందన్నదే అక్కడి వరస. ఇది తెలియక బయట కూర్చున్నవాళ్లు ఆమె మీద కేకలేస్తారు. దయచేసి అలా చేయకండి.

ఇంత చేసినా కొందరు దక్కరు. పోయిన మనిషికి దుప్పటి కప్పిన చేతులతోనే పక్క మంచానికి సెలైన్ మార్చాలి. ఏడవడానికి వేళ ఉండదు. డ్యూటీ అప్పగించేటప్పుడు తోటి సిస్టర్‌తో జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే గుండె బరువు కాస్త దిగుతుంది. అందుకు ఒక పది నిమిషాలు డ్యూటీలో భాగంగానే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఇక రాత్రి డ్యూటీ ముగించి ఇంటికి చేరాక, మధ్యాహ్నం దాకా ఆమెను ఎవరూ నిద్ర లేపకూడదు.