ఊరివారు నిలిపిన మంచుకొండ

మనలో పెక్కుమందికి మంచు అనగా మాఘమాసపు వేకువలో వరిచేలపై వ్రాలు పొగమంచే. కాని అమెరికాలో, మొంటానా రాష్ట్రపు వాయవ్యమూల, కెనడా సరిహద్దుకు చేరువనున్న వైట్‌ఫిష్ అను ఊరిలో మంచు నెలల తరబడి కొండలను కప్పివేయును. ఆ మంచునే ఆ ఊరివారు జీవనాధారముగా మార్చుకొన్న వృత్తాంతమును నేడు మీకు మనవి చేయుదును.

వైట్‌ఫిష్ రైలు వలన పెరిగిన ఊరు. 1904 ప్రాంతమున గ్రేట్ నార్తర్న్ రైలుమార్గము అటు మళ్లెను. అడవిని నరికి వీధులు వేసినపుడు చెట్ల మోడులు వీధుల నడుమనే మిగిలిపోయినందున దానిని 'మోడుల ఊరు' అని పరిహాసముగా పిలిచెడివారు. రైలుపని, కలపపని ఆ ఊరివారికి ముఖ్యమైన బ్రతుకుతెరువులు.

1930 తరువాతి సంవత్సరములలో అచటి ఉత్సాహవంతులు కొందరు ఊరికి ఉత్తరముననున్న పెద్దకొండపై స్కీ ఆట ప్రారంభించిరి. పాదములకు పొడవైన సన్నని పలకలు తగిలించుకొని మంచువాలుపై జారుటయే ఆ ఆట. దిగుట నిమిషముల పని. ఎక్కుట గంటల పని. అట్టిచోటికి దూరప్రాంతముల యాత్రికులు ఏల వత్తురు?

యుద్ధానంతరము ఎడ్ షెంక్, జార్జి ప్రెంటిస్ అను ఇరువురు ఆ కొండను చూచి, 1947లో 'వింటర్ స్పోర్ట్స్' అను కంపెనీ నెలకొల్పిరి. మూలధనమునకు ఊరివారే తోడైరి. వాటాలు కొనుటతో ఆగక, పలువురు స్వచ్ఛందముగా కొండపై శ్రమించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 14న కొండ ఆటగాండ్రకు తెరువబడెను.

ఎక్కుటకు వారు అమర్చిన సాధనము మిక్కిలి సులభమైనది. ఎడతెగక తిరుగు ఉక్కుతాటినుండి తలక్రిందులైన 'టి' అక్షరము వంటి కొయ్యలు వ్రేలాడును. ఒక్కొక్క అడ్డకొయ్యకు ఇద్దరు ఆనుకొని నిలిచినచో, పలకలు మంచుపై నుండగనే తాడు వారిని పైకి లాగుకొనిపోవును. రెండేండ్లు తిరుగకముందే, 1949లో, ఆ కొండపై అమెరికా జాతీయ స్కీ పోటీలు జరిగినవి!

అయితే కథ ఇచట ముగియలేదు. 2004లో కంపెనీ 150 పాత వాటాలను ఒక్క వాటాగా కలిపివేసెను. అంతకు తక్కువ కలవారికి సొమ్ము చెల్లించి వాటాదారుల పట్టికనుండి తొలగించిరి. తాతలనాటి వాటాపత్రమును భద్రపరచుకొన్నవారికి చేతికి వచ్చినది పైకము. చేజారినది 'ఈ కొండ మాది' అను మాట. 2007లో కొండ విహారస్థలము పేరు సైతము మారెను.

దీనికి భిన్నమైన మార్గమొకటి వెర్మాంట్ రాష్ట్రమున కలదు. 1948లో ప్రారంభమైన మ్యాడ్ రివర్ గ్లెన్ అను స్కీ స్థలమును దాని యజమానురాలు బెట్సీ ప్రాట్ 1995లో ఆటగాండ్ర సహకార సంఘమునకు విక్రయించెను. ఏ ఒక్కరును కొలది వాటాలకు మించి కొనరాదని ఆ సంఘము నియమము చేసికొనెను.

వైట్‌ఫిష్ కొండకు నేటికిని యాత్రికులు వచ్చుచున్నారు, ఊరు బ్రతుకుచున్నది. ఆ మేరకు నాటివారి శ్రమ ఫలించినట్లే. కాని పదిమంది చేతులు కలిపి నిలిపిన సంస్థ పదిమంది చేతులలోనే నిలువవలెనన్నచో, ఆ కట్టుబాటును పునాది వేసిన నాడే వ్రాసికొనవలెను. పాలసంఘము మొదలు పరపతిసంఘము వరకు, ఉమ్మడి సొమ్ముతో దేనిని ఆరంభించువారికైనను ఇది తలపోయదగిన విషయము.