నేత్రదానం – మనం ఆలోచించవలసిన విషయం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సభల్లో పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి నేను ఎత్తుకున్న విషయం కొందరికి నచ్చకపోవచ్చు. చనిపోయిన తరువాత ముస్లిం తన కళ్లు దానం చేయవచ్చునా, కూడదా? చేయవచ్చుననే నా అభిప్రాయం. నేను ఆలిమ్‌ను కాను. ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. చదివింది, పెద్దలను అడిగి తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను. తప్పుంటే దిద్దండి.

ఈ ఆలోచన నాకు ఒక మౌత్ ఇంట్లో మొదలయింది. మా బంధువుల్లో ఒక పెద్దాయన, "నేను పోయినంక నా కళ్లు ఎవరికన్న ఇయ్యుండ్రి" అని కొడుకులకు చెప్పి ఉంచాడు. ఒకనాడు తెల్లవారుజామున ఆయన పోయాడు. పెద్దకొడుకు "అబ్బా మాట నిలబెడదాం" అన్నాడు. ఆయన తమ్ముడు మాత్రం "మయ్యత్ మీద కత్తి పెట్టనిస్తర్రా? ఖయామత్ నాడు అన్న కళ్లు లేకుండ లేవాల్నా?" అని ఏడ్చాడు. ఇద్దరిదీ ప్రేమే. వాదన తెగేసరికి జొహర్ అజాన్ అయింది. సమయం మించిపోయింది. కళ్లు ఇవ్వనూలేదు, ఇవ్వకూడదని తెలిసి నిర్ణయించుకున్నదీ లేదు.

ముందు అసలు సంగతి తెలుసుకుందాం. దానంగా వచ్చిన కంటిలో రోగికి అతికించేది కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే కార్నియా అనే పలుచని పొరను. మరణించిన ఆరు గంటల లోపల దీన్ని సేకరించాలి. పని పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ముఖం వికారం కాదు. ఆ తరువాత గుసుల్, కఫన్, జనాజా నమాజు యథాప్రకారం జరుగుతాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం కళ్లను ఇంటి దగ్గరే సేకరించవచ్చు. అవయవాల అమ్మకం నేరం. కార్నియా మార్పిడి కొత్త విద్య కూడా కాదు. 1905లోనే డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ దీన్ని విజయవంతంగా చేశాడు.

మన ప్రాంతానికి దీని అవసరం ఉంది. వరికోతల్లో గింజ తగిలో, ఆకు కోసుకునో, గ్రానైట్ క్వారీలో రాయి పెచ్చు ఎగిరో కంటికి పుండు పడుతుంది. దవాఖానకు పోకముందే ఆకు పసరు పోస్తారు. పుండు మానినా కంటిమీద తెల్లని పువ్వు మిగిలిపోతుంది. మందులకు తగ్గని అటువంటి పువ్వుకు మరొకరి కార్నియా వేయడమే చాలాసార్లు మిగిలే దారి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ముధోల్‌లో 1996లో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ గ్రామీణ ఆసుపత్రిని పెట్టింది. ఆసుపత్రి దగ్గరికి వచ్చింది గాని, కార్నియా కంపెనీల నుంచి అందరికీ దొరికేది కాదు. అది చాలావరకు మనిషి నుంచే మనిషికి రావాలి.

ఇక అభ్యంతరాలు. వీటిని తేలికగా తీసివేయరాదు. పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారి వంటి గొప్ప పండితులు అవయవ దానం కూడదన్నారు. మన దేశంలోనూ అలా చెప్పే ఉలమా ఎందరో ఉన్నారు.

మొదటిది మయ్యత్ గౌరవం. చనిపోయినవారి ఎముక విరచడం బతికినవారి ఎముక విరచడం వంటిదేనని హదీసు భావం. నిజమే. అయితే కడుపులో బిడ్డ బతికివుంటే, చనిపోయిన తల్లి కడుపు కోసి బిడ్డను తీయవచ్చునని హనఫీ ఫిఖహ్ గ్రంథాలే అంటున్నాయి. అవమానించే కోత వేరు, ఆదుకునే కోత వేరు అని దీనివల్ల నాకు అర్థమయింది. "అక్కడ ప్రాణం, ఇక్కడ చూపు మాత్రమే కదా" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని కూలిచేసి బతికే మనిషికి చూపు పోతే ఇల్లంతా పస్తుంటుంది.

రెండవది అమానత్. శరీరం అల్లాహ్ సొత్తు, మనది కాదు. అందుకే అమ్మడం హరామ్. కాని ఆ యజమాని సృష్టించిన మరొక దాసుడికి ఉచితంగా ఉపయోగపడనివ్వడం అమానత్‌లో ఖయానత్ ఎట్లా అవుతుంది? ఆపదలో రక్తం ఇస్తున్నాం కదా!

మూడవది ఖయామత్ భయం. వేలికొసలను సైతం తిరిగి కూర్చగలవాడు అల్లాహ్ అని ఖురాన్ తెలుపుతున్నది. అగ్నిలో కాలినవారిని, సముద్రంలో పోయినవారిని లేపేవాడికి ఒక పొర లెక్కా?

ఇది నా ఒక్కడి మాట కాదు. 1982లో సౌదీ అరేబియా పెద్ద ఉలమా మండలి, 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, షరతులతో మరణానంతర దానాన్ని సమ్మతించాయి. పాకిస్తాన్‌లో అబ్దుల్ సత్తార్ ఈధీ 2016లో మరణించినప్పుడు ఆయన కోరిక ప్రకారం కళ్లు ఇచ్చారు.

ఇంకొక్క మాట నన్ను సిగ్గుపడేటట్లు చేస్తుంది. బౌద్ధులు ఎక్కువగా ఉన్న శ్రీలంక నుంచి దశాబ్దాలుగా వేలాది కార్నియాలు పాకిస్తాన్‌కు వెళ్లాయి. మన ఇళ్లలో ఎవరికైనా అవసరమైతే మనమూ దాత మతం అడగం. తీసుకునేటప్పుడు హలాల్ అయినది ఇచ్చేటప్పుడు హరామ్ ఎట్లా అవుతుంది?

నేను మాట్లాడింది కళ్ల గురించే. బ్రెయిన్ డెత్, గుండె, కిడ్నీల సంగతి వేరు. దాని మీద వేరే చర్చ జరగాలి.

చివరగా రెండు మనవులు. ఒకటి, మీ ఇమాంసాబును, మీరు నమ్మిన ఆలిమ్‌ను అడిగి, ఇస్తామనైనా ఇవ్వమనైనా బతికుండగానే ఇంట్లోవాళ్లకు చెప్పండి. మయ్యత్ పక్కన పిల్లల మధ్య తగాదా పెట్టిపోకండి. రెండు, సంఘంవారు ఒక కంటి డాక్టరును, ఇరుపక్షాల ఉలమాను ఒకే వేదిక మీదకు పిలవాలి. ఇవ్వనన్నవారి ఈమాన్‌ను గాని, ఇస్తానన్నవారి ఈమాన్‌ను గాని ఎవరూ శంకించరాదు.

నా నిర్ణయం మా ఇంట్లో చెప్పాను. నా ఇంటామె మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నది. మీరూ ఆలోచించండి. అల్లాహ్ మనందరికీ సరైన దారి చూపుగాక. ఆమీన్.