చేతిలో ఫోను – చేయవలసిన జాగ్రత్త
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఉద్యోగంలో చేరిన రోజుల్లో హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేసి, లైను కలిసేవరకు బెంచీ మీద కూర్చునేవాళ్ళం. 1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ కలకత్తా నుండి ఢిల్లీకి వెళ్ళింది. అది మనకెందుకులే అనుకున్నాను. ఈనాడు మన పెన్షను, బ్యాంకు, గ్యాసు బుకింగు, దూరాన ఉన్న మనవరాలి ముఖం, అన్నీ అందులోనే ఉన్నవి.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. 2022 నవంబరులో ఒక ఫోను వచ్చింది. "పెన్షను ఆఫీసు నుండి మాట్లాడుతున్నాం సార్. మీ లైఫ్ సర్టిఫికెట్ ఎక్కలేదు. వచ్చే నెల పెన్షను ఆగిపోతుంది. ఇప్పుడు మీకొచ్చిన నెంబరు చెప్పండి" అన్నాడు. నేను రిటైరైన సంవత్సరం కూడా సరిగ్గా చెప్పాడు. ఆరంకెలూ చదివేశాను. 18,000 రూపాయలు పోయినవి.

ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసి, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివాణ్ణి. ఓటీపీ కూడా సంతకమేనని ఆ రోజు తోచలేదు. అంతకంటే పెద్ద తప్పు, సిగ్గుపడి నాలుగు రోజులు ఇంట్లో దాచడం. వెంటనే 1930కి ఫోను చేసివుంటే సొమ్మును బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఉండేదని తరువాత తెలిసింది.

కనుక ఓటీపీ, పిన్ ఎవరడిగినా చెప్పవద్దు. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టనవసరం లేదు. కొట్టమన్నారంటే మన డబ్బు పోతున్నదన్నమాట. "డిజిటల్ అరెస్టు" అనేది ఏ చట్టంలోనూ లేదు. వాట్సాప్‌లో శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు వస్తే తెరవవద్దు. అనుమానం వస్తే ఫోను పెట్టేసి, స్వయంగా ఆఫీసుకో బ్యాంకుకో వెళ్ళి కనుక్కోండి.

ఇక ఫోను సంరక్షణ. మన ఎండలు బ్యాటరీకి పడవు. స్కూటర్ డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో ఉంచవద్దు. ఛార్జింగ్ పెట్టి దిండు కింద పెట్టుకోవద్దు. బ్యాటరీ ఉబ్బితే వాడకం ఆపండి. ఫోను తడిస్తే ఆఫ్ చేసి గాలికి ఆరనివ్వండి. ఆరేదాకా ఛార్జింగ్ వద్దు. మిర్యాలగూడలో బియ్యానికి కొదువ లేదని బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి. తవుడు, నూక రంధ్రాల్లో చేరుతుంది.

డయల్ చేసేచోట స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నెంబరు కనిపిస్తుంది. దానిని డైరీలో రాసిపెట్టుకోండి. రేపు కోదాడ బస్టాండులో ఫోను పోయినా, పోలీసులకు ఫిర్యాదిచ్చి, సిమ్ ఆపించి, సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను ఎవరూ వాడకుండా బ్లాక్ చేయించవచ్చు.

చివరగా ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఒక్క మాట. నా సంగతి విన్న మా అబ్బాయి కోపపడలేదు. "పోనీలే నాన్నా, పద స్టేషనుకు పోదాం" అన్నాడు. వాడు విసుక్కుంటాడనే భయంతోనే నేను నాలుగు రోజులు నోరు విప్పలేదు. మీ తల్లిదండ్రులు ఒకే బటను పదిసార్లు అడిగినా ఓపికగా చెప్పండి. అప్పుడే పదకొండోసారి, ఆపదలో, మొదట మీకే చెబుతారు.