స్టాఫ్ నర్సు నుంచి మిడ్‌వైఫ్‌గా

జీఎన్‌ఎమ్ డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిన నర్సమ్మలు చాలామంది ఇక చదువు అయిపోయినట్టే అనుకుంటారు. ఏళ్ళ తరబడి అదే వార్డు, అవే నైట్ డ్యూటీలు. కానీ దారులున్నాయి. డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉంది, రెండేళ్ళ కోర్సు.

నా మనసుకు దగ్గరైంది మాత్రం మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే విద్య. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో సర్కారు స్టాఫ్ నర్సులకే ఈ శిక్షణ మొదలుపెట్టారు. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 18 నెలల కోర్సు.

మిడ్‌వైఫ్ పని తీరే వేరు. కడుపు మీద చేయి పెట్టి బిడ్డ తల ఎటుందో తెలుసుకోవాలి. నొప్పులు పడుతున్న తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి వదిలేయకుండా నడిపించాలి, నడుము నిమరాలి, ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండాలి. కాన్పు కష్టమయ్యే సూచన కనబడితే క్షణం ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవాలి. సిజేరియన్లు ఇంతగా పెరిగిన మన రాష్ట్రాల్లో ఇలాంటి నర్సులు ఎంత అవసరమో వేరే చెప్పాలా!

దరఖాస్తుకు ముందు మీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో అడగండి. చదివే కాలంలో జీతం, సెలవు సంగతి పైఅధికారుల చేత కాగితం మీద రాయించుకోండి.